ప్రైవేట్ మెథడ్‌లకు యూనిట్ టెస్టులు: చాలాకాలం వాడాక నా మాట

నల్గొండలో కూర్చుని మిర్యాలగూడ మిల్లులకు వడ్ల లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తాం. భాష జావా, టెస్టులకు జేయూనిట్ 5. సర్కారు కొనుగోలుకు తేమ హద్దు 17 శాతం. అది దాటితే ఎంత తరుగు తీయాలో చెప్పేది మా కోడ్‌లో ఒక ప్రైవేట్ మెథడ్, అంటే తన క్లాసు బయటి నుంచి పిలవలేనిది. అక్కడ లెక్క తప్పితే పోయేది రైతు పైసలు, కాబట్టి టెస్టు లేకుండా వదలలేం.

చాలా రోజులు రిఫ్లెక్షన్ వాడినం, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా మెథడ్‌ను పేరుతో వెతికి పిలిచే జావా సౌకర్యం. గెట్‌డిక్లేర్డ్‌మెథడ్‌తో పేరు చెప్పి మెథడ్‌ను పట్టుకోవడం, సెట్‌యాక్సెసిబుల్‌తో తాళం తీయడం, ఇన్‌వోక్‌తో నడపడం. పని చేస్తుంది. జావా 16 నుంచి జేడీకే (జావాతో వచ్చే కిట్) లోపలి క్లాసులకు ఈ దారి మామూలుగా మూసుకుపోయినా, క్లాస్‌పాత్ మీదున్న మన సొంత కోడ్‌కు అడ్డం లేదు. ఇబ్బందల్లా పేరు కొటేషన్ల మధ్య ఉండడమే. మెథడ్ పేరు మారిస్తే కంపైలర్ నోరెత్తదు, టెస్టు నడిపినప్పుడే మెథడ్ దొరకలేదని తెలుస్తుంది. పారామీటర్ ఇంట్ అయితే, ఇంటిజర్ క్లాసు ఇచ్చినా అదే గతి. పైగా మెథడ్ లోపల వచ్చిన ఎక్సెప్షన్ నేరుగా చేతికి రాదు, ఇన్వొకేషన్‌టార్గెట్‌ఎక్సెప్షన్ మూట విప్పి చూసుకోవాలి. ఐదుకు రెండు మార్కులు.

తర్వాత ప్రైవేట్ అన్న మాట తీసేసినం. ఏ మాటా లేకపోతే అదే ప్యాకేజీలోని క్లాసులకు మెథడ్ కనిపిస్తుంది. టెస్టు ఫోల్డర్ వేరైనా ప్యాకేజీ పేరు ఒకటే కాబట్టి నేరుగా పిలవొచ్చు. ప్రొటెక్టెడ్ అయితే సబ్‌క్లాసులకూ తెరుస్తుంది, అది మాకు అక్కర్లేదు. ఈ దారికి నాలుగు మార్కులు. ఒకటి ఎందుకు తగ్గించానంటే, ప్యాకేజీ పెద్దదైతే పక్క క్లాసు కూడా ఆ మెథడ్‌ను వాడుకోవడం మొదలుపెడుతుంది, తర్వాత దాన్ని కదిలించాలంటే కష్టం.

అసలు మేలు మాత్రం ఇంకో మార్పుతో జరిగింది. తేమతోపాటు తాలు, మట్టి లెక్క కూడా వచ్చి చేరేసరికి ఆ మెథడ్ బాగా పెరిగింది. దాన్ని విడి క్లాసుగా తీసినం. ఇప్పుడు బయటి నుంచి పిలవడానికి దానికి సొంత తలుపు ఉంది, టెస్టుకు దొడ్డిదారి అవసరం లేదు. పారామీటరైజ్డ్ టెస్టులో (ఒకే టెస్టును వేర్వేరు విలువలతో నడిపేది) 16.9, 17, 17.1 అని వరుసలు పెడితే, కోడ్ రాని మిల్లు గుమాస్తా కూడా కాంటా చిట్టీతో పోల్చి చూడగలిగిండు. ఇన్నేళ్లలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

నాలుగు గీతల చిన్న ప్రైవేట్ మెథడ్‌లను ఇప్పుడు నేను ముట్టుకోను. పబ్లిక్ మెథడ్ టెస్టులోనే అవి నడుస్తాయి, టెస్టుల్లో ఏ గీతలు నడిచాయో చూపే జాకోకో రిపోర్టులో పచ్చగా కనిపిస్తాయి. అక్కడ ఎర్రగా మిగిలితే ఆ గీత దాకా పోయే ఇన్‌పుట్ వెతుకుతా, అట్లాంటిది లేకపోతే ఆ గీతే తీసేస్తా. పాత రిఫ్లెక్షన్ టెస్టులు కొన్ని ఇంకా ఉన్నయి, ఆ క్లాసుల్లో పని పడ్డప్పుడల్లా ఒక్కోటి మారుస్తున్నం.