ప్యాకెట్ తిండి మానాలంటే: ఒకేసారా, ఒక్కో పూటా?

నూడుల్స్, చిప్స్, కూల్‌డ్రింకులు ఈ నెలతోనే ఆపేయాలా, ముందు ఒక పూట మార్చి చూడాలా?

ఖర్చు: ఒకేసారైతే కొర్రలు, గానుగ నూనె, బెల్లం అన్నీ కలిసి మొదటి నెల బిల్లు పెరుగుతుంది. ఒక పూటకైతే చోళ్ల (రాగి) పిండి, మన విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజారు కూరగాయలు చాలు.

శ్రమ: ఒకేసారైతే వంటింటి బరువంతా ఒక్కరి మీదే పడుతుంది. ఎవరి మీదో చెప్పక్కర్లేదు. ఒక పూటే అయితే, చోళ్ల పిండి రాత్రే నీళ్లలో కలిపి ఉంచుకుంటే పొద్దున్న అంబలి కాయడం ఎంతసేపు? పైగా 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం. చోళ్ల బిస్కెట్లు కొని సరిపెట్టుకోకండి. ప్యాకెట్ వెనక పదార్థాలను బరువు ఎక్కువున్నదాని నుంచి వరసగా రాస్తారు. చాలావాటిలో మైదా, పంచదారే ముందుంటాయి.

రిస్క్: ఒకేసారైతే పిల్లలు మొండికేస్తారు, బీచ్ రోడ్డులో చాటుగా చిప్స్ కొంటారు. మెల్లగా అయితే ‘వచ్చే వారం చూద్దాం’ దగ్గరే ఆగిపోవచ్చు.

ఇంట్లో ఎవరికైనా షుగర్ బయటపడి, వంటకు ఇద్దరుంటే డాక్టర్‌ను అడిగి ఒకేసారి మార్చేయండి. ఇద్దరూ ఉద్యోగాలకెళ్లే ఇల్లు, బడి పిల్లలు ఉంటే టిఫిన్‌తో మొదలుపెట్టడమే నయం.