విజయనగరం ఫుట్‌ప్రింట్ లెక్క: పైనుంచి దించాలా, కిందనుంచి కూడాలా?

ఊరు తినేదానికి, వాడేదానికి, వదిలే పొగకి ఎంత నేల, నీటి విస్తీర్ణం కావాలో గ్లోబల్ హెక్టార్లలో (అంటే ప్రపంచ సగటు దిగుబడి ఉన్న హెక్టార్లలో) చెప్పేదే ఎకలాజికల్ ఫుట్‌ప్రింట్. లెక్కకి రెండు దార్లున్నాయి.

పైనుంచి: దేశం సగటు, అంటే మనిషికి సుమారు 1.2 గ్లోబల్ హెక్టార్లు తీసుకుని ఇంటిఖర్చుల సర్వే బట్టి ఊరికి సర్దడం.
కిందనుంచి: కరెంటు యూనిట్లు, డీజిల్, బియ్యం, చేపలు, చెత్త ఒక్కోటీ పోగేసి కూడడం.

ఖర్చు: మొదటిదానికి ఒక మనిషి, కంప్యూటర్ చాలు. రెండోదానికి కార్పొరేషన్, కరెంటు సంస్థ ఈపీడీసీఎల్, ఆర్టీసీ డిపో చుట్టూ తిరగాలి.

రిస్క్: మొదటిదాంట్లో విశాఖ, విజయనగరం ఒకే పట్టణ సగటులో కలిసిపోతాయి, మన ఊరి తేడా కనపడదు. రెండోదాంట్లో మిల్లు కరెంటు బియ్యంలోనూ కరెంటులోనూ రెండుసార్లు పడొచ్చు, పైగా ఊళ్లోని మూడు లాంతర్ల సెంటర్ దగ్గర కొనేవాళ్లలో చుట్టుపక్కల పల్లెలవాళ్లూ ఉంటారు కదా, వాళ్ల వాడకం కూడా ఊరి ఖాతాలోకే వస్తాది, నా దృష్టిలో ఇదే పెద్ద చిక్కు, దీన్ని విడదీయకుండా అంకె బయటపెట్టకూడదు.

వేరే ఊళ్లతో పోల్చడానికో, కాలేజీ ప్రాజెక్టుకో అయితే పైనుంచి లెక్క సరిపోద్ది. కార్పొరేషన్ ఎక్కడ తగ్గించాలో తేల్చుకోవాలంటే మాత్రం కిందనుంచే చెయ్యాలి, అన్నీ కుదరకపోతే కరెంటు, రవాణా, చెత్త ఈ మూడింటితోనైనా మొదలెట్టండి.