ఎర్ర మూత కింది బటన్: డీఎస్‌సీ మెరైన్ రేడియోతో నా అనుభవం

పడవకు బిగించే వీహెచ్‌ఎఫ్ (దగ్గరి దూరాలకు మాటలు చేరవేసే) రేడియోల్లో ఇప్పుడు చాలావాటికి జీపీఎస్, డీఎస్‌సీ రెండూ కలిసే వస్తున్నాయి. డీఎస్‌సీ అంటే బటన్ నొక్కితే పిలుపునూ ప్రమాద సంకేతాన్నీ డిజిటల్‌గా పంపే ఏర్పాటు. అలాంటి 25 వాట్ల సెట్టును నేను చాలా కాలంగా వాడుతున్నాను. కొనేవాళ్లు ఎక్కువగా తెర సైజు, మెనూల సంఖ్య చూస్తారు. నన్నడిగితే దీని పనితనంలో సగానికి పైగా పెట్టె బయటే ఉంది. యాంటెన్నా ఎంత ఎత్తున ఉంది, కేబుల్ ఎంత మంచిది, పడవ గుర్తింపు నంబరు సరిగ్గా నమోదైందా అన్నవే అసలు సంగతులు.

ముందు దారి చూపే పని గురించి. అక్షాంశ రేఖాంశాలు, వేగం, వెళ్తున్న దిశ, గుర్తు పెట్టుకున్న చోటికి దూరం తెర మీద కనిపిస్తాయి. మ్యాపు లేదు, లోతు తెలియదు, రాయి ఎక్కడుందో చెప్పదు. వెళ్లాల్సిన చోటు ఎక్కించాలంటే ఒక్కో అంకెనూ గుండీ తిప్పి పెట్టాలి, అదీ పడవ ఊగుతుండగా! కాబట్టి దీన్ని చార్ట్ ప్లాటర్‌కు (సముద్రపు మ్యాపు మీద మన స్థానం చూపే పరికరానికి) బదులుగా కొనవద్దు. అది మొరాయించినప్పుడు కాగితపు చార్టు మీద మనం ఉన్న చోటు గుర్తించడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది.

నాకు బాగా నచ్చింది మరో సౌకర్యం. తోటి పడవ నంబరు ఎంచుకుని స్థానం అడిగితే, అవతలి సెట్టు అందుకు అనుమతించేలా పెట్టి ఉంటే తానే జవాబిస్తుంది. మైకు పట్టుకుని అంకెలు చెప్పుకోవడం, గాలి హోరులో మళ్లీ అడగడం తప్పుతుంది. ఎవరైనా ప్రమాద సంకేతం పంపినా అంతే. అలారం చెవులు పగిలేలా మోగుతుంది. తెర మీద ఆ పడవ నంబరు, స్థానం, ప్రమాదం ఏ రకమో వస్తాయి. ఒప్పుకుంటే అదే స్థానాన్ని గమ్యంగా పెట్టి, ఎటు, ఎంత దూరమో చూపిస్తుంది. దారి చూపడంలో ఈ రేడియోకు సాటిలేని చోటు ఇదొక్కటే.

ఇక ఎర్ర బటన్. మూత స్ప్రింగు గట్టిగా ఉంటుంది. తడి బొటనవేలితో ఎత్తి, బీప్‌లు ఆగేదాకా నొక్కి పట్టుకోవాలి. సమయం ఉంటే మంటలు, నీరు చేరడం, ఢీకొనడం వంటి జాబితాలోంచి కారణం ఎంచుకోవచ్చు. లేకపోతే కారణం లేకుండానే వెళ్తుంది. 70వ ఛానెల్‌లో సెకనులోపే మన నంబరు, స్థానం, సమయం ప్రసారమై, సెట్టు ప్రమాద పిలుపుల కోసం అందరూ వినే 16వ ఛానెల్‌కు మారుతుంది. అక్కడ నోటితో ‘మేడే’ (ప్రాణాపాయంలో ఉన్నాం, కాపాడండి అనే పిలుపు) చెప్పాల్సిందే. డిజిటల్ సంకేతం అందినట్టు జవాబు వచ్చేదాకా సుమారు 4 నిమిషాలకొకసారి అదే మళ్లీ పంపుతుంది. చేతులు వణికే వేళ అంకెలు చదవనక్కరలేకపోవడం ఎంత పెద్ద వరమో వేరే చెప్పాలా? ఈ బటన్‌ను పరీక్ష కోసం నొక్కకూడదు, దానికి టెస్ట్ కాల్ వేరే ఉంది. పొరపాటున సంకేతం వెళ్తే సెట్టు ఆపేసి ఊరుకోకుండా, రద్దు చేసి, 16లో అందరికీ ఆ విషయం ప్రకటించాలి.

ఇవన్నీ జరగాలంటే సెట్టుకు మన స్థానం తెలియాలి. లోపల ఉన్న జీపీఎస్‌కు ఇనుప కప్పు కింద ఆకాశం అందదు. నేను బయటి జీపీఎస్ నుంచి తీగ లాగాక గానీ తెర మూలన మినుకుమనే జీపీఎస్ గుర్తు నిలకడగా వెలగలేదు. స్థానాన్ని చేత్తో ఎక్కించవచ్చు గానీ, 23 గంటల 30 నిమిషాలు దాటితే అది చెరిగిపోతుంది. ఎంఎంఎస్‌ఐ అనే 9 అంకెల పడవ గుర్తింపు నంబరు లేకపోతే డీఎస్‌సీ అసలు పని చేయదు. చాలా సెట్లలో ఆ నంబరును ఒకటి రెండు సార్లకు మించి ఎక్కించనివ్వరు. పడవ మారితే సర్వీసు కేంద్రం చుట్టూ తిరగాలి. ఈ కట్టడి వెనుక కారణం ఉన్నా చికాకు చికాకే.

యాంటెన్నా దగ్గర పిసినారితనం పనికిరాదు. వీహెచ్‌ఎఫ్ దాదాపు చూపు ఆనినంత దూరమే వెళ్తుంది. 4 మీటర్ల ఎత్తున యాంటెన్నాలున్న రెండు పడవల మధ్య అది సుమారు 9 నాటికల్ మైళ్లు. తీరంలోని టవరు 100 మీటర్లుంటే 26 దాకా వస్తుంది. సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 10 మీటర్లు లాగితే 25 వాట్లలో పైకి చేరేది దాదాపు 16. లావుపాటి ఆర్‌జీ-213 అయితే 20 దాకా మిగులుతుంది. కనెక్టరులో ఉప్పు చేరి పచ్చబడితే అదీ దక్కదు. నేను జలనిరోధక టేపు చుట్టి, తరచూ విప్పి చూస్తాను.

బ్యాటరీ నీరసంగా ఉంటే ఈ సెట్టు వినడం బాగానే వింటుంది. మైకు నొక్కగానే 5 ఆంపియర్లకు పైగా లాగి చటుక్కున ఆరిపోతుంది. అందుకే తేలే రకం చేతి రేడియో ఒకటి పక్కనే ఉంచుకుంటాను.

మళ్లీ కొంటే ఏఐఎస్ (ఓడలు తమ పేరు, స్థానం తామే ప్రసారం చేసే వ్యవస్థ) రిసీవరు కూడా ఉన్న సెట్టే తీసుకుంటాను. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నులు, ఆపై ఓడలన్నీ ఏఐఎస్ పెట్టుకోవాలి కాబట్టి, ఎదురొచ్చే ఓడ పేరు తెర మీద కనిపిస్తుంది. కొన్ని సెట్లలో ఆ పేరు మీద నొక్కి నేరుగా ఆ ఓడనే పిలవవచ్చు. ‘కుడివైపు వస్తున్న పెద్ద ఓడా’ అని కేకలు వేసే పని ఉండదు.