పొద్దున్నే మొరాయించే బండి: చోక్ లాగాలా, కార్బరేటర్ కడిగించాలా?

ముసురు పట్టిందంటే చాలు, మావాళ్ల ఫోన్లన్నీ ఒకటే పాట. మొన్న మా బావమరిది: "బావగారూ, బండి పట్టుకోవట్లేదండి. చోక్ లాగి కొట్టీ కొట్టీ కాలు పీకుతోంది. కొత్త కార్బరేటర్ వేయించేయమంటారా?" 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ కార్బరేటర్ (గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి పంపే భాగం) మాని ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి కాబట్టి వాటికి ఈ గొడవ లేదు. కానీ భీమవరం చుట్టూ చెరువు గట్ల మీద తెల్లారకుండా మేత బస్తాలు మోసే బండ్లలో పాతవి ఇంకా చాలానే ఉన్నాయి.

చోక్ చేసేది ఒక్కటే పని: గాలి తగ్గించి, చల్లటి ఇంజన్‌కి పెట్రోల్ వాటా పెంచడం. పొద్దున తొలి కిక్కులకు అది కావాల్సి రావడం జబ్బు కాదు. అయినా సంక్రాంతి రోజుల్లో కూడా మన చలి ఏపాటిదని! మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి కూడా చోక్ అడిగిందంటే లోపల ఎక్కడో పెట్రోల్ దారి మూసుకుపోతోంది, లేదా కార్బరేటర్‌ని ఇంజన్‌కి కలిపే రబ్బరు పగిలి అదనపు గాలి దూరుతోంది.

నన్నడిగితే తేల్చేది చోక్ లాగినప్పుడు బండి లేచిందా లేదా అన్నది కాదు, చోక్ తోసేశాక నిలబడిందా లేదా అన్నది. చోక్ మీద గుడగుడమంటూ నడిచి, తోసేయగానే ఠపీమని ఆగిందంటే అనుమానం ముందు స్లో జెట్టు (ఎక్సలేటర్ తిప్పనప్పుడు ఇంజన్‌కి పెట్రోల్ అందించే చిన్న గొట్టం) మీదకే పోవాలి. దాని బెజ్జం చాలా సన్నం. నిలవ పెట్రోల్ జిగురు కొంచెం పేరుకున్నా చాలు, మూసుకుపోతుంది. ఇలాంటి బండిని రోజూ చోక్ మీదే నడిపితే స్పార్క్ ప్లగ్గు నల్లబడుతుంది, మైలేజీ పోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. దీనికి కడిగించడమే మందు.

కానీ కడిగించే ముందు ఇంకో పని ఉంది. షెడ్డుల్లో దీన్ని చాలామంది పట్టించుకోరు. కార్బరేటర్ కింద గిన్నెకి చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, చుట్టుపక్కల బీడీ లేకుండా చూసుకుని, పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద కుళాయి) మూసి, స్క్రూ వదులు చేసి టానిక్ సీసాలోకి వంచండి. నా బండి పన్నెండు రోజులు కొబ్బరాకుల పాకలో కదలకుండా ఉన్నాక ఇలాగే చేశాను. సీసా అడుగున వేలి మందాన నీళ్ల పొర, పైన పెట్రోల్. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది తేమను పీల్చుకుంటుంది, హద్దు దాటితే నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోతుంది. కాలువలూ చెరువులూ ఉన్న చోట గాలిలో తేమకేం కొదవ? పైగా వానలో ట్యాంకు మూత చుట్టూ నిలిచే నీళ్లూ లోపలికి దిగొచ్చు. అందుకే గిన్నె వంచాక కాక్ కాసేపు తెరిచి, శుభ్రమైన పెట్రోల్ వచ్చేదాకా ఇంకాస్త వదలాలి.

చోక్ లాగినా అసలు లేవకపోతే ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువైనట్టు: చోక్ తోసేసి, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి నాలుగైదు కిక్కులు కొడితే ఆరుతుంది. పొడిగా ఉంటే పెట్రోల్ రావట్లేదు, కాక్, పైపు చూసుకోవాలి. తోసి స్టార్ట్ చేయడమంటారా, అది ఆ పూటకి గడపడమే.

కడిగించేటప్పుడు పక్కనే నిలబడండి. జెట్టులోకి గాలి కొట్టాలి, క్లీనర్ స్ప్రే కొట్టాలి. ఒకసారి ఒక షెడ్డులో కుర్రాడు రాగి తీగతో పొడిచాడు. బెజ్జం పెద్దదై, లీటరుకి 60 కిలోమీటర్లు ఇచ్చే బండి 45కి పడిపోయింది. ఆ జెట్టు మార్చేదాకా మళ్లీ దారికి రాలేదు.

కొత్త కార్బరేటర్ మాత్రం లోపల పైకీ కిందికీ కదిలే స్లైడ్ అరిగిపోతేనో, మరలు చెడిపోతేనో. అంతకు మించి దాని గురించి చెప్పడానికేం లేదు.

మా బావమరిదికీ ఇదే వరస చెప్పాను. గంటలో తిరిగి ఫోన్ చేశాడు: "సీసాలో సగం నీళ్లేనండి బావగారూ. మూడో కిక్కుకి లేచింది." చోక్ తోసేస్తే నిలబడుతోందా అని అడిగితే, అది చూడలేదట. చూసి చెప్పమన్నాను.