రెండు చిప్‌లు, రెండు తెరలు: లినక్స్‌లో నాలుగేళ్లు

నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్‌లు రెండు. ఒకటి ప్రాసెసర్‌లోదే, రెండోది విడిగా ఉంది. నాలుగేళ్లుగా దీనిమీద ఉబుంటు అనే లినక్స్ నడుపుతున్నాను, పక్కన 27 అంగుళాల మానిటర్ పెట్టుకుని. ఇవాళ్టి పరిస్థితికి పెద్దగా వంక పెట్టడానికి లేదు. మొదటి ఏడాది మాత్రం ముప్పుతిప్పలు పడ్డాను, అందులో సగం నా చేతులారా చేసుకున్నదే.

రెండో చిప్ కంపెనీ సైట్ నుంచి దాని డ్రైవర్ (చిప్‌ను సిస్టమ్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్ దింపుకుని నేరుగా ఎక్కించేశాను. బాగానే నడిచింది, కెర్నల్‌కు (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ వచ్చేదాకా. మర్నాడు పొద్దున ఆన్ చేస్తే నల్లటి తెర, ఎడమ మూల మినుకుమినుకుమంటూ ఒక గీత. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే లాగిన్ అడిగింది. అప్పుడు ప్రాణం లేచొచ్చింది. డ్రైవర్ మాడ్యూల్ పాత కెర్నల్ కోసం తయారైంది, కొత్తదానికి మళ్లీ కట్టేవాళ్లు లేరు, అంతే సంగతి. దాన్ని పీకేసి ‘అడిషనల్ డ్రైవర్స్’ విండోలోంచి ఎక్కించాక ఆ బాధ మళ్లీ రాలేదు.

సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను లోడ్ కానివ్వని రక్షణ) ఆన్‌లో ఉంచి డీకేఎంఎస్ (కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ను మళ్లీ కట్టే ఏర్పాటు) ప్యాకేజీ ఎక్కించేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. అది ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వచ్చి పది సెకన్లు మాత్రం ఆగుతుంది. ఆలోపు ఏదో ఒక కీ నొక్కి, ‘ఎన్‌రోల్ మోక్’ (డ్రైవర్ సంతకానికి చెందిన కీని నమోదు చేసే ఆప్షన్) ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. నేను టీ తెచ్చుకునేలోపు అది కాస్తా దాటిపోయింది. డ్రైవర్ ఉన్నా లోడ్ కాదు, ఎందుకో అర్థం కాదు.

ఇక డిస్‌ప్లే సంగతి. ల్యాప్‌టాప్ తెర 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారుతుంది, మానిటర్ 144. తెర మీద బొమ్మ చూపించే పాత వ్యవస్థ ఎక్స్‌ఆర్గ్‌లో ఈ జోడీ ఎప్పుడూ సరిగ్గా కుదరలేదు. వీడియో చూసినా, పేజీ స్క్రోల్ చేసినా అడ్డంగా చీలినట్టు కనిపించేది. చిన్న తెరకు 125 శాతం, పెద్దదానికి 100 శాతం స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మల సైజు) కోసం ఎక్స్‌రాండర్ అనే కమాండ్‌తో ఒక స్క్రిప్ట్ రాసుకుని, లాగిన్ అయిన ప్రతిసారీ నడిపేవాణ్ణి. ఎక్స్‌ఆర్గ్ స్థానంలో వచ్చిన వేలాండ్‌లో ఇదంతా సెట్టింగ్స్‌లో రెండు క్లిక్‌ల పని. కానీ ఎక్స్‌ఆర్గ్ కోసం రాసిన పాత యాప్‌ల విండోలు మిణుకుమిణుకుమనేవి. 2024లో డ్రైవర్‌కు ఎక్స్‌ప్లిసిట్ సింక్ (బొమ్మ పూర్తిగా గీశాకే తెర మీదికి పంపే పద్ధతి) సపోర్ట్ వచ్చాక గానీ నేను పూర్తిగా వేలాండ్‌కు మారలేదు. ఆ పాత యాప్‌లలో అక్షరాలు ఇప్పటికీ కాస్త మసకగానే ఉంటాయి.

చాలా ఆలస్యంగా తెలిసింది ఇంకోటి: నా మెషీన్‌లో హెచ్‌డీఎంఐ పోర్టు రెండో చిప్‌కే కలిపి ఉంది. అందులో కేబుల్ పెడితే ఆ చిప్ ఇక నిద్రపోదు, ఫ్యాన్ ఆగదు. యూఎస్‌బీ సీ పోర్టు మొదటి చిప్‌ది. మానిటర్‌ని దానికి మార్చాక గది నిశ్శబ్దమైంది. అన్ని మోడళ్లలో ఇలాగే ఉండదు, మీది చూసుకోండి.

స్లీప్ నుంచి లేచాక వాల్‌పేపర్ రంగుల ముద్దలా కనిపించడం, వీడియో మెమరీని భద్రపరిచే డ్రైవర్ ఆప్షన్ ఆన్ చేశాక పోయింది. మానిటర్ మీది విండోలన్నీ అప్పుడప్పుడు ల్యాప్‌టాప్ తెర మీదికి గుంపుగా వచ్చి చేరడం మాత్రం పోలేదు. ఒక్కొక్కటీ లాగి పెట్టుకుంటున్నాను.