బెంగళూరు నుంచి చెన్నైకి టాండెమ్‌లు, హ్యాండ్‌సైకిళ్లు: దారి, బసలు, బండ్లు

కాళ్లూ కళ్లూ బాగున్న సైకిలిస్టులు బెంగళూరులో బయల్దేరి రెండు మూడు రోజుల్లో చెన్నై చేరిపోతారు. చూపు లేనివారు టాండెమ్ (ఇద్దరు కలిసి తొక్కే సైకిల్) వెనక సీట్లో, వెన్నుపూస దెబ్బతిన్నవారు చేతులతో తొక్కే హ్యాండ్‌సైకిళ్ల మీద, కృత్రిమ కాలు ఉన్నవారు మామూలు సైకిళ్ల మీద కలిసి సాగే జట్టుకు మాత్రం ఆరు రోజులు పెట్టుకోవాలి. వీళ్లు తొక్కలేక కాదు. వీల్‌చైర్ లోపలికి వెళ్లే బాత్రూం ఏ ఊళ్లో దొరికితే ఆ ఊళ్లోనే రాత్రి ఆగాలి కాబట్టి. అందుకే ముందు బసలు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే కిలోమీటర్లు లెక్క వేయాలి. ఆ వరస తిరగబడితే రెండో రోజు సాయంత్రమే ఎవరో ఒకరు నీళ్లు తాగడం మానేస్తారు, బాత్రూం అవసరం పడకూడదని. అక్కడి నుంచి మొదలయ్యే మూత్రనాళ ఇన్ఫెక్షన్, జ్వరం మొత్తం యాత్రనే ఆపేస్తాయి.

దారి విషయంలో మా ఓటు కోలారు వైపుకే. హోసూరు, కృష్ణగిరి, ఆంబూరు మీదుగా వెళ్లే రోడ్డులో లారీల ఉరవడి ఎక్కువ, ఫ్లైఓవర్ల దగ్గర అంచు రోడ్డు మాయమవుతుంది. కొత్త ఎక్స్‌ప్రెస్‌వే మీదికి సైకిళ్లను రానివ్వరు. కోలారు దారిలో ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు వస్తాయి. ఇంకో సుఖం, కోలారు జిల్లా నుంచి వేలూరు దాకా తెలుగుతో పని జరిగిపోతుంది. చూపు లేని మనిషి దారి అడగాలన్నా, మందుల షాపులో క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) సైజు చెప్పాలన్నా ఇది చిన్న విషయం కాదు.

విడతలు ఇలా కోసుకోవాలి. మొదటి రోజు హోస్కోటె నుంచి ముళబాగిలు, దాదాపు 70 కిలోమీటర్లు. నగరం నుంచి హోస్కోటె దాకా బండ్లను వ్యాన్లలో తేవాలి. కె.ఆర్.పురం రద్దీలో టాండెమ్‌ను ఆపుతూ, ఎక్కుతూ, దిగుతూ రావడంలోనే ముందు సీట్లో కూర్చుని నడిపే పైలట్ల ఓపిక హరించుకుపోతుంది. రెండో రోజు పలమనేరు, 45. మూడో రోజు ఘాట్ దిగి చిత్తూరు, 40. నాలుగో రోజు వేలూరు, 35. ఐదో రోజు కంచి, 70. ఆరో రోజు చెన్నై, 75.

నెల ఎంచుకోవడంలో ధనుర్మాసాన్ని మించింది లేదు. మూడు రాష్ట్రాల్లోనూ ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి కల్యాణ మండపాలన్నీ ఖాళీ. ఇలాంటి జట్టుకు మండపాన్ని మించిన బస దొరకదు. నేల మీదే హాలు, వెడల్పాటి తలుపులు, వంటగది, ఆవరణలో బండ్లు నిలిపే చోటు, అందరూ ఒకే కప్పు కింద. లోపాలు రెండు. చాలా మండపాల్లో మరుగుదొడ్లు ఇండియన్ రకమే. వరుడి గదికో వధువు గదికో ఆనుకుని ఒక వెస్టర్న్ కమోడ్ ఉంటుంది, కానీ ఆ గది మేడ మీద ఉంటే ప్రయోజనం లేదు. రెండోది, వేకువన నాలుగున్నరకే పక్క గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. అలారం అక్కర్లేదు గాని, ఇయర్‌ప్లగ్‌లు తెచ్చుకోండి. మండపం దొరికిన ఊళ్లో ఒకటి రెండు లాడ్జి గదులు కూడా తీసుకుని, వీల్‌చైర్ వాడేవారిని అక్కడ ఉంచడం అన్నింటికన్నా సుఖం. తేదీలు మాత్రం డిసెంబరు 20 తర్వాతే పెట్టుకోండి. ఈశాన్య రుతుపవనాల వాన చెన్నై వైపు డిసెంబరు మొదటి సగంలో ఇంకా ఉంటుంది. 2023లో మిచౌంగ్ తుపాను నగరాన్ని ముంచింది ఆ నెల మొదటి వారంలోనే. జనవరి 10 దాటితే సంక్రాంతి జనం రోడ్డెక్కుతారు.

లాడ్జికి ఫోన్ చేసి "వీల్‌చైర్ పడుతుందా?" అని అడిగితే ప్రతి ఒక్కరూ పడుతుందనే చెబుతారు. లిఫ్ట్ ఉందని వాళ్ల భావం. బాత్రూం తలుపుకు అడ్డంగా కొలత టేపు పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమని అడగాలి. చాలా వీల్‌చైర్లు 65 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి. పాత లాడ్జీల్లో బాత్రూం తలుపు 60 మాత్రమే ఉండటం మామూలు. తలుపు సరిపోయినా గడప దగ్గర నాలుగు నుంచి ఆరంగుళాల మెట్టు ఉంటుంది. ఇంకో రెండు ఫొటోలు కూడా తెప్పించుకోండి. కమోడ్ పక్కన ఖాళీ చోటు ఎంతుందో ఒకటి, వీధి నుంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లున్నాయో ఇంకొకటి. లిఫ్ట్ ఉన్న లాడ్జీల్లో కూడా దాన్ని చేరడానికి మూడు మెట్లు ఎక్కాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. వ్యాన్‌లో నాలుగు అడుగుల మడత ర్యాంపు ఒకటి, చేతులు లేని గట్టి ప్లాస్టిక్ కుర్చీలు రెండు, సన్నటి వీల్‌చైర్ ఒకటి ఉంటే సగం లాడ్జీలు పనికొస్తాయి. ఆ నాలుగడుగుల ర్యాంపు మీద నాలుగంగుళాల గడపను మనిషి తనంతట తాను ఎక్కవచ్చు. ఆరంగుళాలైతే వెనక ఒకరు పట్టుకోవాల్సిందే.

ముళబాగిలులో దోసెలు రుచి చూడాల్సినవే, నెయ్యితో, మందంగా, చిన్నగా. కానీ వెన్నుపూస గాయం ఉన్నవారు రాత్రిపూట కొత్త తిండి జోలికి పోకపోవడమే మంచిది. ఉదయం విరేచనం పని వాళ్లకు 45 నిమిషాల నుంచి గంట దాకా పడుతుంది. ఆ లయ తప్పితే దారి పొడుగునా ఇబ్బందే. అందుకే జట్టు బయల్దేరే సమయాన్ని వాళ్లు నిర్ణయించాలి, జెండా ఊపడానికి వచ్చే పెద్దలు కాదు. ఆ ప్రాంతంలో డిసెంబరు పొగమంచు కూడా దట్టమే. ఏడుకు ముందు రోడ్డెక్కొద్దు.

పలమనేరు రోజు చిన్నదని పొడిగించొద్దు. తర్వాత వచ్చేది మొగిలి ఘాట్. దాన్ని అలసిన చేతులతో, సాయంత్రపు లారీల మధ్య దిగకూడదు. పలమనేరు సముద్ర మట్టానికి సుమారు 680 మీటర్ల ఎత్తు, చిత్తూరు 330 దగ్గర. ఇద్దరు మనుషులు, బండి, సంచులు కలిస్తే టాండెమ్ బరువు 150 కిలోలు దాటుతుంది. రిమ్ బ్రేకులు అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ కాలిపోయి ట్యూబు పేలుతుంది. డిస్క్ బ్రేకైతే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ముందు, వెనక బ్రేకులను మార్చి మార్చి గట్టిగా నొక్కి వదలాలి. ప్రతి కిలోమీటరుకూ ఆపి, రిమ్ చల్లబడ్డాకే కదలాలి. వేడి రిమ్ మీద నీళ్లు చల్లొద్దు. వెనక చక్రానికి డ్రమ్ముతో మూడో బ్రేకు బిగించిన బండ్లున్నాయి. దాని లీవర్ వెనక సీట్లో తొక్కే స్టోకర్ చేతికివ్వడం ఉత్తమం. పైలట్ "పట్టు" అంటే పట్టాలి, "వదులు" అంటే వదలాలి. చూపు లేని మనిషి చేతిలో ఘాట్ మొత్తం బండి వేగం ఉంటుంది. ఆ నమ్మకం కుదరడానికి బెంగళూరులో కనీసం ఆరు ఆదివారాల సాధన కావాలి. ఆదివారం వాహనాలు ఆపేసే కబ్బన్ పార్కు రోడ్లు తొలి పాఠాలకు బాగుంటాయి, ఆ తర్వాత ఎత్తుపల్లాలున్న రోడ్డు తప్పనిసరి. హ్యాండ్‌సైకిళ్లను మాత్రం ఘాట్‌లో వ్యాన్ ఎక్కించేయాలి. వాటిలో చాలావాటికి బ్రేకు ముందు చక్రానికే ఉంటుంది, పల్లంలో అది జారితే పక్కన లారీ ఉంటుంది. దీని మీద జట్టులో ఎప్పుడూ వాదన జరుగుతుంది. వాదన ఇంటి దగ్గరే ముగించుకుని రండి.

చిత్తూరులో లాడ్జీలు సాధారణం. పన్నెండు కిలోమీటర్ల దూరంలోని కాణిపాకంలో దేవస్థానం గదులు మామూలు రోజుల్లో దొరుకుతాయి. కింది అంతస్తు గది కావాలని ముందే చెప్పుకోవాలి. శని, ఆదివారాల్లో ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. కాణిపాకం స్థలపురాణం మన అందరికీ తెలిసిందే. చూపు లేని, మాట రాని, వినిపించని ముగ్గురు అన్నదమ్ములు బావి తవ్వుతుంటే స్వామి బయటపడ్డాడు, వాళ్ల లోపాలు పోయాయి. వరం సంగతే అందరూ చెబుతారు. వరానికి ముందే ఆ ముగ్గురూ ఒకరి లోటు ఒకరు పూడ్చుకుంటూ కలిసి సేద్యం చేసుకున్నారన్న ముక్క మాకు ఇంకా ఇష్టం. టాండెమ్ జట్టుకు అంతకన్నా దగ్గరి కథ ఇంకొకటి లేదు.

వేలూరు 35 కిలోమీటర్ల దూరమే కదా, ఆగకుండా రాణిపేట దాకా పోదామని మ్యాపు చూసినవాళ్లంతా అంటారు. వద్దు. ఈ దారి మొత్తంలో బసకు అన్నింటికన్నా నమ్మదగిన ఊరు వేలూరే. సీఎంసీ ఆసుపత్రికి వచ్చే రోగులకు అలవాటుపడ్డ లాడ్జీలవి. వీల్‌చైర్‌ను చూసి ఎవరూ కంగారు పడరు, తెలుగు అర్థమవుతుంది, సొంతంగా వండుకునే గదులు కూడా దొరుకుతాయి. ఆ ఊరికి ఇంకో గౌరవం ఉంది. 1954లో కారు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని, ఆ తర్వాత చక్రాల కుర్చీ నుంచే శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1960లలో పునరావాస వైద్యానికి పునాది వేసింది ఇక్కడే. బాగాయంలోని ఆ పునరావాస కేంద్రం ఇప్పటికీ నడుస్తోంది. మధ్యాహ్నానికల్లా ఊరు చేరి, మిగతా పూట ఒళ్లూ బండ్లూ పరీక్షించుకోవడానికి వాడుకోవాలి.

ఒళ్లు పరీక్ష అంటే మొహమాటం లేకుండా చేయాల్సిన పని. స్పర్శ లేనివారికి పిరుదుల దగ్గర చర్మం ఎర్రబడినా తెలియదు. రోజూ సాయంత్రం అద్దంతోనో, నమ్మకమైన మనిషితోనో చూసుకోవాలి. భారం తీసేసిన అరగంట తర్వాత కూడా ఎరుపు పోకపోతే మర్నాడు వ్యాన్‌లోనే ప్రయాణం, వేరే మాట లేదు. దారిలో ప్రతి 30 నిమిషాలకూ ఆపి, రెండు నిమిషాలు ముందుకు వంగో పక్కకు వాలో భారం తప్పించాలి. గాయం కింద చెమట పట్టదు కాబట్టి ఘాట్ దిగాక ఎండలో ఒళ్లు కాగిపోతుంది. మెడ మీద, చేతుల మీద స్ప్రే సీసాతో నీళ్లు కొడుతూ ఉండాలి. ఛాతీ భాగంలో ఆరో వెన్నుపూస దగ్గరగానీ అంతకు పైనగానీ గాయమైనవారికి ఉన్నట్టుండి తలపోటు, ముఖం ఎర్రబడటం, గాయానికి పైభాగంలో చెమటలు కనిపిస్తే అది ఎండదెబ్బ అనుకోకండి. బీపీ ఒక్కసారిగా పెరుగుతోందన్నమాట. పడుకోబెట్టొద్దు, నిటారుగా కూర్చోబెట్టండి, బెల్టులు, బిగుతు బట్టలు వదులు చేయండి, క్యాథెటర్ గొట్టం మడతపడిందేమో చూడండి. చాలాసార్లు కారణం అదే. తగ్గకపోతే 108. హైవే సాయానికి 1033. రాణిపేట దగ్గర హైవే మీదే సీఎంసీ కొత్త ప్రాంగణం ఉందన్నది కూడా జట్టులో అందరికీ తెలిసి ఉండాలి.

కృత్రిమ కాలు వాడేవారికి శత్రువు చెమట. 20, 25 కిలోమీటర్లకోసారి కృత్రిమ కాలు ఊడదీసి, మిగిలిన కాలి భాగాన్ని తుడిచి, ఆరిన లైనర్ (లోపలి మెత్తటి తొడుగు) తొడుక్కోవాలి. అందుకు రెండు లైనర్లు కావాలి. మధ్యాహ్నానికి ఆ కాలి భాగం కాస్త చిక్కుతుంది, దాన్ని దూర్చే సాకెట్ వదులవుతుంది, అదనంగా ఒక సాక్సు వేసుకుంటే సరిపోతుంది. మోకాలి వెనక సాకెట్ అంచు ఒరుసుకుంటుంటే ఆ వైపు పొట్టి క్రాంక్ (పెడల్‌ను మోసే కడ్డీ) బిగించాలి. ఇది బెంగళూరులోనే చేసుకోవాల్సిన పని.

విడిభాగాల్లో అందరూ మరిచిపోయేది వైర్లు. టాండెమ్ వెనక బ్రేకుకు, గేరుకు మామూలు సైకిల్ వైరు పొడవు చాలదు. దారిలో ఏ ఊరి షాపులోనూ దొరకదు, ఒక్కోదానికి రెండేసి మోసుకెళ్లాలి. ఎడమ పక్కనుండే చైను రెండు జతల పెడళ్లను కలుపుతుంది. అది వదులై జారితే తిరిగి వేసేటప్పుడు ఒక పన్ను అటూఇటైనా ఇద్దరి కాళ్ల లయ తప్పుతుంది. రెండు పళ్లచక్రాల మీద ముందే తెల్లరంగు చుక్క పెట్టుకుంటే రోడ్డు పక్కన ఐదు నిమిషాల పని. స్పోకులు విరిగేది దాదాపు ఎప్పుడూ వెనక చక్రంలోనే. సరైన పొడవువి అరడజను ఫ్రేముకు టేపుతో చుట్టి ఉంచండి. బండ్లు మోయడానికి ఏడడుగుల తొట్టి ఉన్న చిన్న ట్రక్కు చాలదు, టాండెమ్ ఎనిమిదడుగుల దగ్గర ఉంటుంది. పెద్ద పికప్ మాట్లాడుకోండి. టెంపో ట్రావెలర్ మొదటి మెట్టు ఎత్తు, తలుపు ఇరుకు. వీల్‌చైర్ మనిషిని రోజుకు నాలుగుసార్లు ఎత్తి ఎక్కించడం ఇద్దరికీ ప్రమాదమే. ర్యాంపు ఉన్న వ్యాన్లు రెండు నగరాల్లోనూ ముందుగా మాట్లాడితే దొరుకుతాయి. అద్దె ఎక్కువైనా దాని మీద పొదుపు చేయొద్దు.

రోడ్డును మాటల్లో చెప్పడం పైలట్ పనిలో సగం. "గుంత", "హంప్", "గేర్", "ఆపుతున్నా" లాంటివి ఒక్క మాటలో, రెండు సెకన్ల ముందే రావాలి. మిగతా సమయంలో చుట్టూ ఉన్నది చెప్పాలి. ఈ దారి ముక్కుతో, చెవితో చూడదగ్గ దారి. కోలారు దాటేదాకా టమాటా లారీల వాసన, ముళబాగిలు దగ్గర బండరాళ్ల కొండల మీదుగా తగిలే చల్లగాలి, చిత్తూరు చుట్టుపక్కల బెల్లం వండే పొయ్యిల తీపి, రాణిపేటలో తోళ్ల పరిశ్రమల ఘాటు, కంచిలో మగ్గాల చప్పుడు. వినికిడి లేని రైడర్లకు కుడి హ్యాండిల్ మీద అద్దం ఉండాలి, చేతి సైగలు కనబడేలా ముందువరసలో ఉంచాలి.

టోల్ ప్లాజాల్లో వీల్‌చైర్ మరుగుదొడ్లు ఉంటాయి, తాళాలు కూడా ఉంటాయి. ముందు కారులో ఒకరు వెళ్లి తాళంచెవి తెచ్చి తెరిపించి ఉంచాలి.

కంచి నుంచి చివరి రోజు ఎదురుగాలి తప్పదు, ఆ నెలల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. శ్రీపెరుంబుదూరు తర్వాత కంపెనీ బస్సులు, కంటైనర్లు. ఆదివారం వచ్చేలా చూసుకుంటే రద్దీ సగమవుతుంది. పూనమల్లి దగ్గర హ్యాండ్‌సైకిళ్లను ఆపి వ్యాన్‌లో తీసుకెళ్లడమే మేలు.

మెరీనాలో వివేకానంద ఇల్లం ఎదురుగా ఇసుక మీద 263 మీటర్ల చెక్కదారి ఉంది. 2022 నవంబరు 27న తెరిచారు, రెండు వారాలకే మాండూస్ తుపాను దెబ్బతీసింది, మళ్లీ బాగుచేశారు. వీల్‌చైర్‌లో అల దగ్గరికి వెళ్లగల చోటు అది. సాయంత్రం జనం నిండిపోయి చక్రం తిరగదు. చెన్నై చేరిన రాత్రి నిద్రపోయి, మర్నాడు ఆరింటికి వెళ్లండి. చూపు లేనివారు ఆ చెక్కల మీద కర్ర తట్టుకుంటూ అలల దాకా తమంతట తామే నడిచి వెళ్లగలరు, ఎవరూ చెయ్యి పట్టుకోనక్కర్లేదు. టాండెమ్‌లను మాత్రం రోడ్డు మీదే వదలాలి. ఉప్పుగాలి తగిలిన చైన్లను అదే రోజు మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె వేశాకే పికప్ ఎక్కించండి.