గ్రిల్ వెనుక లైట్ బార్: చాలా కాలం వాడాక నా మాట

నా పికప్ గ్రిల్ (బండి ముందు గాలి లోపలికి వెళ్లే చట్రం) వెనుక 20 అంగుళాల ఎల్‌ఈడీ లైట్ బార్, అంటే హెడ్‌లైట్లకు తోడుగా వాడే పొడవాటి పట్టీ లైటు, బిగించుకుని చాలా కాలమైంది. ఎండ, వాన, దుమ్ము, బురద అన్నీ చూసింది. తీసేయాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. కొనాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు మీ గ్రిల్‌ను చూడండి, తర్వాతే బార్‌ను ఎంచుకోండి. చాలామంది వాట్లు, ల్యూమెన్లు (వెలుగు ఎంతో చెప్పే కొలత) చూసి కొనేస్తారు. గ్రిల్ పట్టీలు అడ్డొస్తే ఆ అంకెలన్నీ అట్టపెట్టె మీదే ఉండిపోతాయి.

నా గ్రిల్‌కు అడ్డపట్టీలు ఉన్నాయి. వాటి మధ్య సందు రెండు వేళ్లు పట్టేంత. అందుకే ఒకే వరుసలో ఎల్‌ఈడీలు ఉన్న సన్నటి బార్ తీసుకున్నాను. రెండు వరుసలది పెడితే ఏదో ఒక వరుస పట్టీ వెనక్కి పోవడం ఖాయం. పైగా అది రేడియేటర్‌కు వెళ్లే గాలికి ఎక్కువ అడ్డం. చిన్న చిన్న కన్నాల జాలీ గ్రిల్ ఉన్న బండికైతే ఈ పని నేను సిఫారసు చేయను. కాంతిలో చాలా భాగం ఆ జాలీకే తగిలి వెనక్కి వస్తుంది.

ఎత్తు సరిచూసుకోవడం దగ్గరే అసలు పనంతా ఉంది. బార్‌ను వదులుగా బిగించి, చీకటి పడ్డాక బండిని గోడకు ఎదురుగా పెట్టి, గ్రిల్‌ను దాని చోట నిలిపి లైటు వేశాను. గోడ మీద వెలుగు మధ్యలో ఒక నల్లటి చార కనిపించింది. బ్రాకెట్ కింద ఒక్కో వాషర్ పెడుతూ బార్‌ను పైకి జరిపితే ఆ చార సన్నబడుతూ వచ్చి, వెలుగు కింది అంచుకు వెళ్లిపోయింది. ఆ చోటే గట్టిగా బిగించేశాను. సాయంత్రమంతా పట్టింది. ఇన్నాళ్లుగా రోడ్డు మీద మంచి వెలుగు వస్తోందంటే ఆ వాషర్ల వల్లే. గ్రిల్ తీసేటప్పుడు ప్లాస్టిక్ క్లిప్పులు విరుగుతాయి, చలిగా ఉన్నప్పుడు మరీను. నాలుగైదు కొత్తవి ముందే దగ్గర పెట్టుకోండి.

బ్రాకెట్ల కోసం బంపర్ వెనుక ఉండే ఇనుప దూలానికి కన్నాలు వేయకండి. గుద్దుకున్నప్పుడు దెబ్బను కాచుకునేది అదే. బండికి ముందే ఉన్న బోల్టులకు బిగించుకోవచ్చు, నేను అలాగే చేశాను. బార్ వెనుక భాగానికీ, రేడియేటర్ ముందు ఉండే ఏసీ కండెన్సర్‌కూ మధ్య అరచేయి దూరేంత ఖాళీ ఉంచాను. బరువు వేసుకుని, ఏసీ ఆన్‌లో ఉంచి ఘాట్ ఎక్కినా టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ ఉండే చోటి నుంచి కదల్లేదు. గాలి తగ్గి ఇంజిన్ వేడెక్కుతుందేమోనన్న టెన్షన్ మొదట్లో నాకూ ఉండేది, ఇప్పుడు లేదు.

వైరింగ్‌లో రాజీ పడొద్దు. 120 వాట్ల బార్ 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటును డాష్‌బోర్డు స్విచ్ గుండా పంపకూడదు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) తప్పనిసరి. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన వైరుకు, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాను. అక్కడి నుంచి రిలే 30వ పిన్నుకు, 87 నుంచి బార్‌కు. స్విచ్ వైరు 86కు, ఎర్త్ 85కు. ఫ్యూజ్‌ను రిలే దగ్గర పెడితే, మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు కాపాడేది ఏదీ ఉండదు. బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద కరెంటును కొలిచే సెన్సర్ ఉన్న బండ్లలో ఎర్త్ వైరును నేరుగా ఆ టెర్మినల్‌కు కాక ఛాసిస్‌కు (బండి ఇనుప చట్రానికి) ఇవ్వాలి. బిగించే చోట పెయింట్ గీకి మెరిసే లోహం కనిపించాకే బోల్టు వేయండి.

ఇక వెలుగు సంగతి. టాప్ మీద పెట్టిన బార్ వెలుగు బానెట్ మీద పడి కళ్లలోకి కొడుతుంది. గ్రిల్ వెనుక ఆ బాధ లేదు, గాలికి ఈల వేసినట్టు వచ్చే శబ్దమూ లేదు. వెలుగు కింది నుంచి వస్తుంది కాబట్టి మట్టి రోడ్డు మీద చిన్న రాయికి కూడా పొడవాటి నీడ పడుతుంది, గుంత అంచు స్పష్టంగా తెలుస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఆ తక్కువ ఎత్తు వల్లే దూరం కొంచెం తగ్గుతుంది. టాప్ మీది బార్ అంత దూరం ఇది చూపించదు. నాది 6000 కెల్విన్ తెల్ల కాంతి. పొడి వాతావరణంలో బాగుంటుంది. దట్టమైన దుమ్ములో, పొగమంచులో మాత్రం ఎదురుగా తెల్ల తెర కట్టినట్టవుతుంది. అప్పుడు ఆర్పేసి హెడ్‌లైట్ల లోబీమ్‌తోనే వెళతాను.

బండి ఆపి ఇంజిన్ ఆఫ్ చేశాక చాలాసేపు వెలిగించి ఉంచితే కాంతి తగ్గుతుంది. గాలి ఆడని చోట వేడెక్కి, లోపలి సర్క్యూట్ తనంతట తానే కరెంటు తగ్గించుకుంటుంది. కదులుతున్న బండిలో ఆ ఇబ్బంది నాకెప్పుడూ రాలేదు. నాది ఐపీ67 బార్, అంటే దుమ్ము చొరబడని, కాసేపు నీళ్లలో మునిగినా తట్టుకునే రకం. భారీ వానలో తడిశాక అద్దం లోపల ఒక మూల పల్చగా ఆవిరి పట్టడం చూశాను. లైటు వేస్తే కాసేపట్లో పోయింది. నీళ్లు బొట్లుగా నిలిస్తేనే సీల్ పోయినట్టు. నాకు నిజంగా విసుగు తెప్పించేది శుభ్రం చేయడం. పురుగులు, బురద గ్రిల్ దాటి వచ్చి అద్దం మీద ఎండిపోతాయి, గుడ్డ పట్టుకున్న చెయ్యి లోపలికి దూరదు. పైపుతో నీళ్లు కొట్టి నానబెట్టి, పొడవాటి మెత్తటి బ్రష్షుతో తుడుస్తాను.

రోడ్డు మీద ఎదురుగా బండి కనిపించగానే ఆర్పేయాలి. చాలా దేశాల్లో ఆమోద ముద్ర లేని బార్‌ను పబ్లిక్ రోడ్డు మీద వెలిగించడమే నేరం. మీ దగ్గరి నిబంధన కొనేముందే తెలుసుకోండి.

ముందు వెళ్లే బండిని బట్టి వేగం మార్చుకునే క్రూయిజ్ కంట్రోల్ ఉన్న పికప్ అయితే, దాని రాడార్ తరచూ గ్రిల్ వెనుకో, లోగో వెనుకో ఉంటుంది. దానికి బార్ గానీ బ్రాకెట్ గానీ అడ్డొచ్చే పరిస్థితి ఉంటే గ్రిల్ జోలికి పోకుండా బంపర్ కింది సందులో చిన్న బార్ పెట్టుకోవడం మేలు.